ఓడితేనే కల్లం

మా ముట్లపల్లె ఎండ సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెబితే చాలు. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం వేళ మా ఊళ్ళో నీడలు మనుషుల్ని వదిలేసి పోయి వేపచెట్టు కింద నిలబడతాయి. పొద్దువాలాక ఎవరి నీడను వాళ్ళు వెతుక్కుని ఇంటికి తీసుకుపోవాలి. ఒకసారి మా సాంబడు తొందరలో వాళ్ళ మామ నీడను వెంటబెట్టుకుపోతే, అది వాకిట్లో గోడకానుకుని ఒకటే దగ్గు.

అలాంటి ఊరికి ప్రభుత్వం ఐస్ హాకీ జట్టును మంజూరు చేసింది.

తప్పు ఎవరిదీ కాదు. ‘మండలానికో ఆట’ అని ఒక పథకం వచ్చింది. పక్షపాతం ఉండకూడదని చీటీలు కంప్యూటరు చేత తీయించారు. కంప్యూటరుకు ఎండ తగలదు గదా. చుక్క నీళ్ళు లేని మెట్ట మండలానికి ఈత వచ్చింది. కొండమీది మండలానికి పడవ పందేలు వచ్చాయి. మా మండలంతో పాటు మరో ఇరవై మూడు మండలాలకు ఐస్ హాకీ పడింది. గడ్డకట్టిన ఐసు మీద, కింద కత్తులు బిగించిన బూట్లు తొడుక్కుని, వంకర కర్రలతో నల్ల రబ్బరు బిళ్ళను కొట్టుకునే ఆట అది. అవతలివాళ్ళ వలలోకి బిళ్ళ పోతే గోలు. ఆటగాళ్ళకు నెల జీతం కూడా ఇస్తామన్నారు గనక మా కుర్రాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆటకు ముందు అధికారి వచ్చాడు. పేరు నీలాద్రిరావు గారు, హోదా మండల హిమక్రీడల ప్రత్యేకాధికారి. మనిషి మంచివాడే. కాకపోతే కాగితంలో లేని మాట నోటంట రాదు. ఊరంతా తిరిగి, చదునుగా ఉన్న నాలుగెకరాల జాగా ఒకటి కనిపెట్టి, చుట్టూ కంచె వేయించి బోర్డు పెట్టించాడు. ‘తాత్కాలిక ఐస్ హాకీ స్టేడియం. ఐసు ఏర్పడువరకు ఎవరునూ లోనికి ప్రవేశించరాదు.’

ఆ చదును జాగా మా మిరప కల్లం. తాతల నాటి నుంచి ఊళ్ళో కోసిన మిరపకాయంతా అక్కడే ఎండబోసుకుంటాం. మాఘమాసంలో మేడెక్కి చూస్తే నాలుగెకరాల ఎర్రటి దుప్పటి పరిచినట్టుంటుంది.

పోయినేడు కంచె పడ్డాక కాయను తారురోడ్డు మీద పోసుకున్నాం. లారీలు తొక్కగా మిగిలింది వాన తడిపింది. వాన తడపగా మిగిలింది తెల్లబారి తాలు కాయ అయింది. తాలు కాయను మిర్చి యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు. అందరికంటే ఎక్కువ చితికింది సైదమ్మ. ఎకరన్నర కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో పండించిన మనిషి. పోయినేటి కాయలో సగం తాలైతే, కౌలు ఇచ్చిన ఆసామి కబురంపాడు, మళ్ళీ ఏడు కూడా ఇట్టాగే అయితే పొలం వేరేవాళ్ళకు ఇస్తానని.

ఇక జట్టు సంగతి. బళ్ళో డ్రిల్లు మాస్టరు అంకారావుకు కోచ్ బాధ్యత అప్పగించారు. ఆయన జీవితంలో చూసిన ఐసు సోడాబండి దగ్గరిదే. అయినా పట్టుదల గల మనిషి. చలికి తట్టుకునేవాళ్ళను ఏరడానికి అభ్యర్థులందరినీ తీసుకుపోయి మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య రెండు గంటలు కూర్చోబెట్టాడు. చలికి ఎవరూ లేచిపోలేదు. ఘాటుకు తుమ్ములు ఆగక పదిమంది బయటికొచ్చేశారు. మిగిలిన ఏడుగురూ జట్టయ్యారు. మా సాంబడు కెప్టెను. కత్తిబూట్లతో నడక నేర్పడానికి మాగాణిలోకి దింపితే, ఒక్కొక్కడు మోకాటిదాకా దిగబడిపోయాడు. ఎద్దుల్ని కట్టి బయటికి లాగాం.

మొదటి సీజను నడిచింది. నడవడమంటే, ఒక్క మ్యాచీ జరగలేదు. ఏ మండలంలోనూ ఐసు లేదు. దానికి రూలు ఉంది. ఐసు లేక మ్యాచ్ రద్దయితే, ‘ఐసు లేనట్టు ధ్రువపత్రం’ ముందుగా దాఖలు చేసిన జట్టుకు రెండు పాయింట్లు. మిగతా మండలాల్లో తహసీల్దార్లు విచారణ, పంచనామా, ఇద్దరు సాక్షుల వాంగ్మూలం అంటూ జాప్యం చేశారు. మా తహసీల్దారు కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, సీజను మొత్తానికి సరిపడా ఒకేసారి సంతకాలు పెట్టేశాడు. అట్లా బిళ్ళను ముట్టుకోకుండానే మా జట్టు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది.

ఈ ఏడు పుష్యంలో, రాబోయే సీజన్లో జట్టు విజయావకాశాల మీద నివేదిక పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నీలాద్రిరావు గారు పంచాయతీ ఆఫీసు ముందు ఊరిని సమావేశపరిచి నివేదిక చదివాడు.

“విషయం, ముట్లపల్లె ఐస్ హాకీ జట్టు రాబోవు సీజన్ విజయావకాశములు. సూచిక, వాతావరణ శాఖ వారి బులెటిన్. సదరు బులెటిన్ ప్రకారం ఈ సంవత్సరం ఎండలు సాధారణం కంటే మూడు డిగ్రీలు అధికముగా ఉండగలవు. కావున మన జట్టు విజయావకాశములు మిక్కిలి ఉజ్వలముగా ఉన్నవని తెలియజేయడమైనది.”

అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక సైదమ్మ లేచింది.

“అయితే సారూ, మా కల్లం ఎప్పుడిత్తారు? తొలికోత మొదలైంది. ఈ ఏడు కూడా రోడ్డు మీద పోత్తే నా కౌలు పోయిద్ది.”

“అమ్మా, తమరు కల్లం అని పేర్కొన్న స్థలం రికార్డుల ప్రకారం స్టేడియం. విజయపథంలో ఉన్న జట్టు స్టేడియంను రద్దు పరచుటకు నిబంధనలు అనుమతించవు.”

“మరి ఏవి అనుమతిత్తయ్యో అదన్నా చెప్పండి.”

నీలాద్రిరావు గారు పుస్తకం తిరగేశాడు. అడిగితే దాచే మనిషి కాదు.

“పద్నాలుగో నిబంధన. ఏ జట్టయినా మ్యాచ్ ఆడి ఓడిపోయినచో, సదరు జట్టు స్టేడియం రద్దగును. స్థలం మరునాడే పూర్వ అనుభవదారులకు అప్పగించవలెను. జట్టు మాత్రం కొనసాగును.”

సైదమ్మ అంకారావు మాస్టారి వంక తిరిగింది. “మాస్టారూ, ఓడిపోవటానికి మనోళ్ళు పనికొత్తారా?”

“ఆ విషయంలో నాకు పూర్తి నమ్మకం ఉందమ్మా,” అన్నాడు ఆయన.

“అయితే ఓడదాం.”

చెప్పినంత తేలిక కాదు. ఓడాలంటే ఆడాలి. ఆడాలంటే ఐసు కావాలి. టౌనులో ఐసు ఫ్యాక్టరీ ఆసామికి మా ఊళ్ళో మూడెకరాల మిరప ఉంది, ఆయన కాయనూ పోయినేడు లారీలు తొక్కాయి. విషయం చెప్పగానే, “ఎన్ని దిమ్మలు కావాలో పట్టుకుపోండి, ఓడితే చాలు,” అన్నాడు. పన్నెండు ట్రాక్టర్లు కట్టాం. దిమ్మల కింద ఊక, పైన ఊక, ఆ పైన తడిగోతాలు. మూలన ఒక్కచోట గోతం తొలిగితే ఆ దిమ్మ మా ఊరి పొలిమేర చేరేలోపు నీళ్ళై, మరిగి, డ్రైవరు అందులో టీపొడి వేసుకున్నాడు.

కల్లం మధ్యలో దిమ్మలు పేర్చి సందుల్లో ఐసు తురుము కూరాం. నీలాద్రిరావు గారు టేపు పెట్టి కొలిచి, పెళ్ళిపందిరి కంటే కాస్త పెద్దదిగా తేల్చాడు. “నిబంధనలలో గరిష్ఠ కొలత మాత్రమే ఉన్నది, కనిష్ఠం లేదు. కావున ఆమోదించడమైనది,” అన్నాడు. అంటూనే వంగి దిమ్మను వేలితో తాకి చూశాడు. సర్వీసులో మొదటిసారి ఐసును కళ్ళారా చూశాడు మరి.

మ్యాచ్‌కు సముద్రపు ఒడ్డు మండలం ఉప్పదిబ్బ జట్టును పిలిచాం. పట్టికలో మా తరవాతి స్థానం వాళ్ళదే. రెండు వ్యానుల్లో దిగారు. వాళ్ళ కెప్టెను ముత్యాలు వల లాగి లాగి రాటుదేలిన మనిషి, తలుపు చెక్కంత భుజాలు. ఆ భుజాలు చూసి మాకు కడుపు నిండిపోయింది. ఓటమి ఖాయం అనుకున్నాం.

నీలాద్రిరావు గారు ఈల వేసి బిళ్ళను మధ్యలో పెట్టాడు.

ఎవరూ కదల్లేదు. సాంబడు చేతులు కట్టుకు నిలబడ్డాడు. ముత్యాలు కూడా చేతులు కట్టుకు నిలబడ్డాడు.

“కొట్టన్నా, అతిథులు మీరు,” అన్నాడు సాంబడు.

“మీ ఊరు, మీ ఐసు. మీరు కొట్టాక గదా తమ్ముడూ మేం కొట్టేది,” అన్నాడు ముత్యాలు.

“అట్టా అనకన్నా, పెద్దోడివి.”

“పెద్దోణ్ణి గనకే చెబుతున్నా.”

ఇట్లా మర్యాదలు జరుగుతుంటే కింద ఐసు కరుగుతోంది. ఉన్నట్టుండి ముత్యాలు బిళ్ళను కర్రతో లాక్కుని, గిర్రున వెనక్కి తిరిగి, తన జట్టు వలలోకే కొట్టాడు. వాళ్ళవాళ్ళంతా ఈలలు వేశారు.

మాకు ఒక్క క్షణం బుర్ర తిరిగింది. అప్పుడు తెలిసింది, వీళ్ళూ ఓడటానికే వచ్చారని.

“మోసం,” అని అరిచాడు అంకారావు మాస్టారు. “ఒరే సాంబా, చూత్తావేందిరా, మన వల్లో కొట్టు.”

సాంబడు కొట్టాడు. ముత్యాలు మళ్ళీ వాళ్ళ వల్లో కొట్టాడు. సాంబడు మళ్ళీ మా వల్లో. నాలుగు నాలుగయ్యాయి, ఆరు ఆరయ్యాయి. అప్పుడు వల కాసే మా గోలీకి ఒక ఆలోచన వచ్చింది. మన వల కాపాడి ఏం లాభం, అవతలివాళ్ళు ఓడకుండా వాళ్ళ వల కాపాడాలి గదా అని, పోయి వాళ్ళ వల ముందు అడ్డంగా పడుకున్నాడు. అది చూసి వాళ్ళ గోలీ వచ్చి మా వల ముందు పడుకున్నాడు. ఇహ చూడాలి. మేం మా వల మీదికి దూకడం, వాళ్ళు అడ్డుకోవడం. వాళ్ళు వాళ్ళ వల మీదికి దూకడం, మేం అడ్డుకోవడం. కర్రలు విరిగాయి, బూట్లు ఊడాయి, సాంబడు నడుం మీద జారి రెండుసార్లు కంచె దాకా పోయొచ్చాడు. ప్రాణం పెట్టి ఆడారు.

నీలాద్రిరావు గారు కళ్ళు తుడుచుకున్నాడు. “తమ వలకంటే పరుల వలను రక్షించుచున్నారు. ఇంతటి క్రీడాస్ఫూర్తి నివేదికలలో సైతం చదవలేదు.”

తొమ్మిది తొమ్మిది దగ్గర ఆట బిగుసుకుపోయింది. దిమ్మలు అరచేతి మందానికి వచ్చాయి. ఇంకో పావుగంటలో ఐసు ఉండదు. ఐసు లేకపోతే మ్యాచ్ రద్దు. రద్దయితే తహసీల్దారు సంతకం తయారుగానే ఉంది, మాకు మళ్ళీ రెండు పాయింట్లు.

సైదమ్మ కంచె పక్కనే నడిచి ఉప్పదిబ్బ వ్యాను దగ్గరికి పోయింది. అక్కడ ముత్యాలు తల్లి పోలమ్మ కూర్చుని ఉంది. వాళ్ళ ఊరి ఆడవాళ్ళకు పెద్ద.

“ఏందక్కా, గెలిత్తే మీ సొమ్మేం పోయిద్ది?” అంది సైదమ్మ.

“నీ సొమ్మేం పోద్దని ఓడాలని చూస్తున్నావు?”

“మా మిరపకాయ ఎండబోసే కల్లం ఇది.”

“మాది నెత్తళ్ళ చేపలు ఎండబెట్టే ఇసుక తిన్నె,” అంది పోలమ్మ. “దానికీ కంచేశారు. పోయినేడు నెత్తళ్ళు ఇంటి కప్పుల మీద ఆరేశాం. ఊళ్ళో కాకులన్నీ బలిసి ఎగరటం మానేసినయ్యి, నడిచే తిరుగుతున్నాయి. నీ కాయ కోసి ఎన్నాళ్ళయింది?”

“నాలుగు రోజులు. గోతాల్లోనే ముగ్గుతా ఉంది. ఎల్లుండికి ఎండ చూపించకపోతే తాలే. మీ నెత్తళ్ళు?”

“పడవలు ఇంకా ఇరవై రోజులకు గానీ కదలవు.”

ఇద్దరూ కంచెలోపలికి చూశారు. మా గోలీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు.

“సరే. ఇయ్యాళ్ళ నువ్వు ఓడు,” అంది పోలమ్మ. “ఇరవై రోజుల్లో మీవోళ్ళు మా ఊరొచ్చి మమ్మల్ని ఓడించాల. మాట తప్పితే మీ మిరపకాయ మా చేపల కూరలో పడనియ్యం.”

“తప్పనక్కా.”

పోలమ్మ లేచి నిలబడి కేకేసింది. “ఒరే ముత్యాలూ, చాలుగానీ గెలవరా.”

ముత్యాలు మొహం చిన్నబోయింది. “ఇంత కష్టపడ్డాంగదమ్మా.”

“చెప్పింది చెయ్యి.”

వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. సాంబడు బిళ్ళను మా వల దగ్గరికి తోశాడు. ఐసు పలచబడి పైన నీళ్ళు నిలిచాయి, బిళ్ళ అడుగు దూరంలో ఆగిపోయింది. కర్ర విరిగింది. సాంబడు బోర్లా పడుకుని దాన్ని నుదుటితో నెట్టాడు. బిళ్ళ గీత దాటింది. పది తొమ్మిది. ముట్లపల్లె ఓడింది.

డప్పులు మోగాయి. ఓడినవాళ్ళను భుజాల మీద ఊరేగించాం. గెలిచినవాళ్ళు వ్యానెక్కి తలలు వంచుకుని కూర్చుంటే, మజ్జిగ ఇచ్చి ఓదార్చాం. నీలాద్రిరావు గారు ఆ సాయంత్రమే స్టేడియం రద్దు ఉత్తర్వు రాసి, అందులో ‘విచారముతో’ అనే మాట తన బాధ్యత మీద చేర్చాడు. మర్నాడు కంచె తీశారు. ఎండకు ఒక్క పూటలో నేల ఆరింది. ఆ మర్నాడు పొద్దెక్కేసరికి సైదమ్మ కాయ కల్లంలో పడింది.

ఇక మాట నిలబెట్టుకోవాలి. పద్దెనిమిదో రోజున జట్టుతో పాటు నేనూ, సైదమ్మా ఉప్పదిబ్బ పోయాం. అక్కడ చేపల ఐసుకు కరువు లేదు. ముత్యాలు జట్టు మొత్తం పక్కకు పోయి తిన్నె మీద కూర్చుంది, వల ఖాళీగా వదిలి. అయినా మావాళ్ళు గోలు కొట్టలేకపోయారు. పావుగంటసేపు ఏడుగురూ ఖాళీ వల మీద దాడి చేశారు. కుడివైపు పోయింది, ఎడమవైపు పోయింది, ఒకటి సముద్రంలో పడింది. మా బతుక్కి మేం నేర్చింది సొంత వల్లో కొట్టడమే.

“మాస్టారూ, ఏందిది?” అంది సైదమ్మ. “మాటిచ్చాంగదా.”

“ఓడటానికే తర్ఫీదు ఇచ్చానమ్మా. గెలుపు సిలబస్‌లో లేదు,” అన్నాడు అంకారావు మాస్టారు.

ఆఖరికి ముత్యాలే విసుగొచ్చి లేచి, సాంబడి చేతిలోని కర్ర పట్టుకుని, వాడి చేత్తోనే కొట్టించాడు, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించినట్టు. ఒకటి సున్నా. పోలమ్మ సైదమ్మకు బుట్టెడు నెత్తళ్ళు ఇచ్చి పంపింది.

ఈ సంగతి ఎట్లా పాకిందో గానీ, వారం తిరక్కుండా ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక ఊళ్ళో చాకిరేవు స్టేడియం అయింది. ఒక ఊళ్ళో పశువుల సంత. ఇంకో ఊళ్ళో కుమ్మరులు కుండలు కాల్చే ఆవం జాగా. అందరిదీ ఒకటే కోరిక, తమరు దయచేసి మమ్మల్ని ఓడించవలెను. మా కుర్రాళ్ళు కాదనలేదు. ఊరూరా వ్యాను పంపేవారు, భోజనం పెట్టేవారు, కర్ర పట్టించి కొట్టించేవారు. ఉగాది నాటికి మిగిలిన ఇరవై రెండు ఊళ్ళనూ ఓడించి ఎవరి జాగా వాళ్ళకు ఇప్పించాం. ఒక్క ఓటమి, ఇరవై మూడు గెలుపులు. మా జట్టు రాష్ట్రానికి విజేత.

మూడో కోత కాయ కల్లంలో ఎర్రగా ఎండుతుండగా నీలాద్రిరావు గారు ఒక కవరు పట్టుకుని వచ్చాడు. ఘాటుకు నాలుగుసార్లు తుమ్మి, నిలదొక్కుకుని చదివాడు.

“అప్రతిహత విజయములు సాధించిన ముట్లపల్లె జట్టునకు ప్రభుత్వం శాశ్వత ఐస్ హాకీ స్టేడియం బహూకరించుటకు సంతసించుచున్నది. స్థలము, గతమున రద్దయిన స్టేడియం స్థలమే.”

అంకారావు మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ ఓడదామన్నా మ్యాచ్ ఆడటానికి రాష్ట్రంలో ఒక్క స్టేడియమూ మిగల్లేదు. అన్నీ మేమే రద్దు చేయించాం.

సైదమ్మ మాత్రం కాయ తిరగేస్తూనే అడిగింది. “కంచె ఎప్పుడేత్తారు సారూ?”

“కంచె తాత్కాలిక స్టేడియమునకు మాత్రమే వర్తించును. ఇది శాశ్వత కట్టడము. తొలుత స్థల పరిశీలన కమిటీ, అటుపై మట్టి పరీక్ష, అంచనాలు, సవరించిన అంచనాలు, టెండర్లు, టెండర్లపై అభ్యంతరములు. పని మొదలగువరకు స్థలము యథాస్థితిలో ఉండవలెను.”

“అంటే ఎన్నాళ్ళు?”

“అత్యంత త్వరితగతిన జరిగినచో ఆరు సంవత్సరములు.”

సైదమ్మ వేళ్ళు మడిచింది. “ఏడాదికి మూడు కోతలు. పద్దెనిమిది మాట్లు పోసుకోవచ్చు. త్వరగా జరక్కపోతే?”

“పన్నెండు అనుకొనవచ్చును.”

“మంచిది సారూ. కమిటీ వాళ్ళని తొందరపడొద్దని చెప్పండి, ఎండన పడి రావద్దు,” అంది సైదమ్మ. “కాస్త ఆ కాలు తియ్యండి, కాయ తొక్కారు.”